మూడో డికాషన్

పోయిన నెల అరకు వెళ్లొచ్చాం. అద్దాల బోగీ ఎక్కాలని మా మనవరాలికి ఎప్పట్నుంచో కోరిక. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి కూర్చున్నాం. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు, మళ్లీ వెలుతురు రాగానే నవ్వులు. మా పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టి, ఇరవై దాటాక లెక్క తప్పి, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

అరకులో ఇప్పుడు వలిసె పూల కాలం. రోడ్డు దిగితే చాలు, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. ఫొటోలు తీసుకునేవాళ్ల దగ్గర చేనుగలవాళ్లు మనిషికింతని వసూలు చేస్తున్నారు. చేను తొక్కుతారు కదా, తీసుకోవాల్సిందే. మా ఆవిడ, కోడలు, పిల్ల ఆ పూలల్లో నిలబడి నన్ను రమ్మంటున్నారు. నేను గట్టు మీదే ఉండిపోయాను. ఆ పువ్వు నాకు అరకులో పరిచయమైంది కాదు.

సాయంత్రం బజారులో అసలు సంగతి జరిగింది. రోడ్డు పక్కన ఒకామె పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి కాఫీ గింజలు వేయిస్తోంది. పక్క కొట్టులో అప్పుడే దీపం పెట్టి సాంబ్రాణి వేశారు. చలికి పొగ పైకి లేవకుండా నేలబారుగా పరుచుకుంటోంది. వేగుతున్న కాఫీ గింజ, సాంబ్రాణి. ఈ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేసరికి నాకు కాళ్లు కదల్లేదు. "ఏమైంది, ఆయాసమా?" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆయాసం కాదు. ఆ వాసన పీల్చి చాలా ఏళ్లయింది. సముద్రం అవతల, ఇథియోపియాలో నజరేత్ అనే ఊళ్లో, ఒక ముసలావిడ ఇంటి ముంగిట పీల్చిన వాసన అది. అందులో సగం అంతకు ముందు నుంచీ తెలిసిందే. మా అమ్మ వరండాలోది.

* * *

మా నాన్నగారిది రైల్వేలో ఉద్యోగం. అనకాపల్లి చుట్టుపక్కల చిన్న స్టేషన్లలోనే సర్వీసంతా గడిచింది. క్వార్టర్స్ అంటే రెండు గదులు, వెనక ఒక వరండా, దానెదురుగా పట్టాలు. ఆ వరండాలో నెలకి రెండుసార్లు అమ్మ కాఫీ గింజలు వేయించేది.

పచ్చి గింజలు అనకాపల్లి నుంచి వచ్చేవి. సగం పీబెర్రీ రకం, సగం ప్లాంటేషన్ రకం. కుంపట్లో బొగ్గులు రాజేసి, మూకుడు పెట్టి, అట్లకాడతో ఆపకుండా కలుపుతూ ఉండేది. మొదట పచ్చిగడ్డి ఎండినట్టు వాసన వచ్చేది. కాసేపటికి అది వేరుశనక్కాయలు వేయించినట్టు మారేది. ఆ తర్వాత గింజలు చిటపటమనేవి. అప్పుడు అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఆ చప్పుడే వినేది. చిటపట సద్దుమణుగుతుండగా మూకుడు దించి, చాటలో పోసి, నాలుగుసార్లు ఎగరేసేది. పల్చటి పొట్టు గాలికి లేచి పట్టాల మీదికి పోయేది. గింజ మీద నూనె కనబడేంత నిగనిగలాడితే, "మాడింది, ఈ నెలంతా మీ నాన్నగారితో మాటలు పడాలి" అనేది. ఆయన ఏనాడూ ఒక్క మాట అన్నది లేదు. ఆమె భయం ఆమెది.

గింజలు ఆడించడం నా పని. బల్లకి బిగించిన చేతిమిషను. పిడి తిప్పుతుంటే కరకరమని మొదలై, గింజలు అయిపోతున్న కొద్దీ చేతికి తేలికై గలగలమనేది. కింద చిన్న సొరుగులో పొడి. ఆ సొరుగు లాగినప్పుడు వచ్చే వాసన కోసం తమ్ముడూ నేనూ తోసుకునేవాళ్లం.

ఇత్తడి ఫిల్టరులో మొదటి డికాషన్ నాన్నగారికి. గూడ్సు లూప్ లైన్లో ఆగి ఉంటే గార్డుగారికీ డ్రైవరుగారికీ కూడా. నల్లగా, చిక్కగా, పాలు పోయగానే ఎర్రమట్టి రంగు తిరిగేది. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోస్తే దిగింది మా పిల్లలకి, పాలెక్కువ వేసి. ఇల్లు సర్దుకుని, పొద్దుటి ప్యాసింజరు వెళ్లిపోయాక, అమ్మ అదే పొడి మీద మూడోసారి నీళ్లు పోసేది. దిగేది గోధుమరంగు నీళ్లు. గిన్నెలో మిగిలిన పాలచుక్క అందులో వేసి, బెల్లం ముక్క నంజుకుంటూ వరండా గడప మీద కూర్చుని తాగేది. పొద్దున్న లేచింది మొదలు ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"పల్చగా ఉండదా అమ్మా?" అని ఓసారి అడిగాను.

"ఇదే బావుంటుందిరా, చేదుండదు" అంది.

నేను నమ్మాను. పదేళ్ల పిల్లాణ్ణి కదా.

* * *

మాది బెల్లం సీమ. సంక్రాంతి ముందూ వెనకా ఏ ఊరు దాటినా చెరకురసం మరుగుతున్న వాసనే. మా పెదనాన్నగారి ఊళ్లో కళ్లంలో గానుగ పెట్టేవారు. ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే వాటి వెనక మేమూ తిరిగేవాళ్లం. పెద్ద పెనంలో రసం పొంగుతుంటే సున్నపు నీళ్లు చల్లి తెట్టు తీసేవారు. పాకం ముదిరే వేళకి వండే మనిషి చుట్టూ పిల్లలం చేరేవాళ్లం. కొబ్బరిచిప్పలో కాసింత వేడిపాకం పోసి "ఊదుకుని తినండ్రా" అనేవాడు. నాలుక కాలడం ఖాయం, అయినా ఆగేవాళ్లం కాదు. నేను మెకానికల్ డిప్లొమా చేసి చక్కెర ఫ్యాక్టరీలో చేరడానికి ఆ కొబ్బరిచిప్ప పాకమే కారణమని ఇప్పటికీ అనుకుంటాను.

వేసవి సెలవుల్లో నిడదవోలు, అమ్మమ్మగారింటికి. రైల్వే పాసు, చెక్క బెంచీలు, మరచెంబుతో నీళ్లు, క్యారేజీలో పులిహోర, దద్దోజనం. బొగ్గు ఇంజను కాబట్టి కిటికీ దగ్గర కూర్చుంటే కళ్లలో నలుసు పడేది. పడుతుందని తెలిసినా కిటికీ కోసం కొట్లాటే. అన్నవరంలో ఎవరైనా కొండ దిగి బండెక్కితే వాళ్ల చేతిలో ఆకు పొట్లం ఉండేది. అడక్కుండానే విప్పి పెట్టెలోని పిల్లలందరికీ తలో కాస్త ప్రసాదం పెట్టేవారు. ఎర్రటి గోధుమనూక ప్రసాదం, నెయ్యి, ఆకు వాసన. ఆకు లేకుండా తింటే దానికి ఆ రుచి రాదు.

రాజమండ్రి దాటాక పాత హేవలాక్ వంతెన. రైలు చప్పుడు అక్కడ మారిపోయేది. అప్పటిదాకా టకటకమన్నది, నది మీద డబడబమని గంభీరంగా మోగేది. అమ్మ కొంగుముడి విప్పి మా చేతుల్లో తలో చిల్లరనాణెం పెట్టి దణ్ణం పెట్టుకోమనేది. 1900లో కట్టిన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. ఇప్పుడు పక్క వంతెన మీద నుంచి వెళ్తూ ఆ ఖాళీ స్తంభాలూ గడ్డర్లూ చూస్తే, సామాన్లు తీసేసిన మన పాత ఇంటి ముందు నుంచి వెళ్తున్నట్టే ఉంటుంది నాకు.

ఉద్యోగంలో చేరాక కొన్నేళ్లు బోధన్ వైపు ఉన్నాను. నిజాం కాలంలో, 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఊరు అది. ఫ్యాక్టరీ కాలనీని శక్కర్‌నగర్ అనే పిలుస్తారు. కాఫీ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు చాయ్ అలవాటు చేసింది ఆ ప్రాంతమే. సంక్రాంతికి పక్కింటివాళ్లు సకినాలు చుట్టేవారు. తడిపిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ తెల్లటి గుడ్డ మీద చుట్లు చుట్లుగా వేసుకుంటూ పోయే ఆ చేతుల వేగం చూడ్డానికే వెళ్లి కూర్చునేవాణ్ణి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. కాలనీలో చెట్లు మాత్రం ఉన్నాయట.

* * *

ఇథియోపియా వెళ్లేసరికి నాకు యాభై దగ్గరపడుతున్నాయి. అవాష్ నది ఒడ్డున చెరకుతోటలు, అక్కడొక ఫ్యాక్టరీ, మిల్లు బిగించే పని. ఆఫ్రికా అనగానే ఎండలు మండిపోతాయని ఇంట్లో అందరూ పల్చటి బట్టలు సర్దారు. ఆడిస్ అబాబాలో దిగితే మన ఊటీ చలి. ఊరు 2,300 మీటర్ల పైన ఉంది మరి. మెట్లెక్కితే ఊపిరందలేదు. అక్కడి నుంచి వంద కిలోమీటర్లు కిందికి దిగితే నజరేత్. కాగితాల మీద దాని పేరు అడామా, జనం నోట్లో నజరేతే.

ఊళ్లోకి అడుగుపెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కారణం గుర్రపుబండ్లు. చిన్నప్పుడు అనకాపల్లి స్టేషన్ బయట జట్కాలు ఎలా వరసగా నిలబడేవో అలాగే నిలబడి ఉన్నాయి. అవే గిట్టల చప్పుళ్లు, తడిగడ్డి వాసన. వాటిని అక్కడ 'గారీ' అంటారు. ఆటోల్ని 'బజాజ్' అంటారు, ఏ కంపెనీవైనా సరే.

గంటల లెక్క వేరు. సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడింటికి వాళ్ల గడియారంలో ఒంటిగంట. మొదటివారం ఫోర్‌మాన్ "మూడింటికి బాయిలరు దగ్గర కలుద్దాం" అన్నాడు. నేను మధ్యాహ్నం వెళ్లాను. అతను పొద్దున్న తొమ్మిదింటి నుంచీ అక్కడే ఉన్నాడు, భోజనానికి కూడా వెళ్లలేదు. కోప్పడకుండా తన గడియారం విప్పి నా చేతిలో పెట్టి లెక్క నేర్పాడు. మా తాతగారు పొద్దు పొడిచినప్పటి నుంచి ఘడియలు లెక్కపెట్టే మనిషి. ఆయనైతే మొదటిరోజే కలిసిపోయేవారు అక్కడి జనంలో.

శాకాహారిని కావడంతో తిండి గురించి టెన్షన్ పడ్డాను. వాళ్ల చర్చి పద్ధతే నన్ను కాపాడింది. బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఉపవాసమంటే మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. ఈస్టరు ముందైతే దాదాపు రెండు నెలలు అంతే. 'త్సోమ్' అన్న ఒక్క మాట నేర్చుకున్నాను. ఏ హోటల్లో ఆ మాట అన్నా పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి, దాని మీద కందిపప్పులా ఎర్రపప్పు, శనగపిండితో చేసిన షిరో, ఆకుకూర, బీట్‌రూట్, బంగాళాదుంప ముద్దలు ముద్దలుగా పెట్టి తెచ్చేవారు.

ఇంజెరా గురించి చెప్పాలి. తెఫ్ అని ఒక ధాన్యం, ఆవగింజ కంటే చిన్నది. పిండి కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. పెద్ద మట్టిపెనం మీద అంచు నుంచి మధ్యకి చుట్టుకుంటూ పోస్తారు. తిరగెయ్యరు, మూతపెట్టి ఆవిరికి వదిలేస్తారు. పైనంతా చిల్లులు పడతాయి. వాటిని 'కళ్లు' అంటారు. ఎన్ని కళ్లుంటే అంత బాగా కుదిరినట్టు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే పులిసిన అట్టు గుర్తొచ్చింది. మూడో రోజు పిండితో అమ్మ పోసే అట్టు. కూరల్లో పడే కారం పేరు బెర్బెరె. ఎండుమిర్చి, మెంతులు, వాము, వెల్లుల్లి, ఇంకా ఏవేవో ఎండబెట్టి దంచుతారు. ఇళ్ల ముందు చాపల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటే, ఆ వీధిలో నడుస్తూ తుమ్ముతుంటే, వేసవిలో మన ఊళ్లో కారాలు కొట్టించే రోజులే.

చూడ్డానికి ఏం చూశానంటే చాలానే చూశాను. సొదెరెలో భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే వేడినీళ్లు, చేతిలో అరటిపండు లాక్కుపోయే కోతులు. చెరకు కొట్టే ముందు రాత్రి తోట అంటిస్తే ఆకాశమంతా ఎర్రబడటం, తెల్లారి బట్టల మీద నల్లటి బూడిద రేకులు. అవాష్ నదిని చూస్తే మాత్రం దిగులేసేది. అంత దూరం పారి, అంత చెరకు పండించి, చివరికి సముద్రం చేరదు. ఎడారిలో ఉప్పుసరస్సుల్లో ఇంకిపోతుంది. గోదావరి పక్క పెరిగినవాడికి నదంటే కడలిలో కలిసేదే కదా.

* * *

నేను అద్దెకున్న గది ఒక ముసలావిడది. పెద్ద ఆవరణ, మధ్యలో ఆమె ఇల్లు, ఓ పక్కన నా గది. ఊళ్లో అందరూ ఆమెని 'ఎమామ' అనేవారు. పెద్దవాళ్లైన ఆడవాళ్లని అక్కడ గౌరవంగా అలా పిలుస్తారు. నాకు ఆ పిలుపు నోటికి సులువుగానే తిరిగింది. ఆమె కూతురు స్కూల్లో టీచరు, ఇంగ్లీషు వచ్చు. "మా అమ్మానాన్నల తరంలో చాలామందికి లెక్కలూ సైన్సూ చెప్పింది మీ ఇండియా మాస్టార్లే" అని మొదటిరోజే చెప్పింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం నన్ను కాఫీకి పిలిచారు. నేను కాఫీ అంటే ఐదు నిమిషాల పని అనుకుని, సాయంత్రం వేరే చోటికి వెళ్లాలని చెప్పి ఉంచాను.

నేల మీద పచ్చటి గడ్డి పరిచారు. దాని మీద పీట, చిన్న చిన్న పిడిలేని కప్పులు. ఓ మూల మట్టిపాత్రలో నిప్పులు వేసి ఇతాన్ చల్లారు. మన సాంబ్రాణి లాంటిదే, వాసన కాస్త నిమ్మ చాయలో ఉంటుంది. ఎమామ పచ్చిగింజలు కడిగి, ఇనప రేకు మీద వేసి వేయించడం మొదలెట్టింది. గడ్డి వాసన. తర్వాత వేరుశనక్కాయల వాసన. తర్వాత చిటపట. నేను కుర్చీలోంచి ముందుకి వంగిపోయాను. ఎమామ మాట్లాడటం ఆపేసి ఆ చప్పుడు వింటోంది.

వేగాక ఆ పొగలు కక్కే రేకుని అందరి దగ్గరికీ తిప్పింది. ఒక్కొక్కరూ చేత్తో పొగని తమవైపు లాక్కుని పీల్చి, ఓ మంచిమాట అనాలి. మనం హారతి కళ్లకద్దుకున్నట్టే. ఆ తర్వాత రోట్లో దంచింది. జెబెనా అని నల్లటి మట్టికూజా, పొడుగాటి మెడ, పక్కన కొమ్ము. అందులో పొడి వేసి నిప్పుల మీద పెట్టింది. పొంగింది, దించింది, తేరనిచ్చింది. అప్పుడు ఒక మూర ఎత్తు నుంచి, చుక్క కింద పడకుండా, సన్నటి ధారగా వరసగా కప్పులన్నీ నింపింది. ఒక కొమ్మ ముంచి తాగమంది. వాసన చూస్తే సదాపాకు! మన పెరట్లో పసిపిల్లల కోసం పెంచే సదాప. నంజుకోవడానికి పేలాలు.

ఒక కప్పు తాగి, బావుందని చెప్పి లేచాను. టీచరుగారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఇది అబోల్. ఇంకా రెండున్నాయి."

అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి పొంగించారు. అది తోనా. మళ్లీ కబుర్లు. పక్కింటివాళ్లొచ్చారు, ఎవరిదో పెళ్లి, ఎవరికో ట్రాన్స్‌ఫర్. మూడోసారి నీళ్లు పోశారు. దిగింది గోధుమరంగు నీళ్లు.

"ఇది బెరెకా. అంటే దీవెన. మధ్యలో లేచిపోయినవాళ్లకి అందదు" అంది టీచరుగారు.

ఆ కప్పు చేతిలో పట్టుకుని నేను చాలాసేపు తాగలేకపోయాను. ఏమైందని అడిగితే అమ్మ సంగతి చెప్పాను. అందరికీ అయ్యాక అదే పొడి మీద మూడోసారి నీళ్లు పోసుకుని తాగేదని. కూతురు తర్జుమా చేస్తుంటే ఎమామ శ్రద్ధగా విని ఏదో అంది.

"అయితే మీ ఇంటి దీవెనంతా ఆవిడే తాగుతోందన్నమాట, అంటోంది అమ్మ."

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్పాను. నవ్వింది. "దీవెనేమిట్రా, చల్లారిపోయిన కాఫీ" అంది. కాసేపాగి, "ఆవిడకి మన హల్వా పట్టుకెళ్లి ఇవ్వు, నేనిచ్చానని చెప్పు" అంది.

సెలవుకి వచ్చి వెళ్లేటప్పుడు మాడుగుల హల్వా పట్టుకెళ్లాను. గోధుమపాలతో చేస్తారు, నెయ్యి ఓడుతూ ఉంటుంది, అన్ని రోజుల ప్రయాణమైనా పాడవదు. నేను చేరింది శుక్రవారం. నెయ్యి అని చెప్పగానే ఎమామ పొట్లం కళ్లకద్దుకుని దాచేసింది. ఆదివారం పూట చర్చి నుంచి వచ్చాక విప్పి, వీధిలో ఏడిళ్లకి గోరంత గోరంత పంచింది. మా అన్నవరం ప్రసాదం పంచినట్టు.

వాళ్ల వంటింట్లో నూనెడబ్బా ఉండేది. ఏ నూనె అని అడిగితే టీచరుగారు గుప్పెట్లో నల్లటి సన్నగింజలు తెచ్చి చూపించింది, 'నూగ్' అంది. చూస్తే మన వలిసెలు. వానలు తగ్గాక ఆ దేశం మెట్టల మీద ఎటు చూసినా ఆ పసుపే. తర్వాత తెలుసుకున్నాను, ఆ పంట పుట్టిల్లే అదట. దాని శాస్త్రీయ నామంలోనే అబిస్సీనియా అన్న ఇథియోపియా పాత పేరుంది. కాఫీకీ పుట్టిల్లు అదే. మా మన్యంలో పక్కపక్కన పెరిగే రెండూ అక్కడి నుంచి వచ్చినవే.

* * *

అమ్మ పోయిన వార్త తెల్లవారుజామున వచ్చింది. తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే వెళ్లిపోయిందన్నాడు. విమానంలో సీటు మూడో రోజుకి గానీ దొరకలేదు. అక్కడ జరగాల్సినవి తమ్ముడే జరిపించాడు.

ఆ రెండు రోజులూ నేను గదిలోంచి బయటికి రాకూడదనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కూడా. నా లైటు ఆ వేళప్పుడు వెలగడం చూసి ఎమామ తలుపు కొట్టింది. నా ముఖం చూసి ఏమీ అడగలేదు. "ఎన్నాత్?" అంది. అమ్మా అని. తలూపాను.

తెల్లారేసరికి ముంగిట బెంచీలు వేసి ఉన్నాయి. అక్కడ ప్రతి పేటకీ 'ఇదిర్' అని ఒక సంఘం ఉంటుంది. నెలనెలా తలాకొంచెం వేసుకుంటారు, ఎవరింట్లో చావు జరిగినా గుడారం, బెంచీలు, గిన్నెలు అన్నీ వాళ్లే తెస్తారు. నేను అందులో సభ్యుణ్ణి కాను. అయినా బెంచీలొచ్చాయి. పేటలోవాళ్లు ఒక్కొక్కరే నెటెలా అనే తెల్లటి పల్చటి శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నారు. భాష రాదు, పలకరించడానికి మాటల్లేవు. అయినా అది పలకరింపే. వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. "అయిజోహ్." గుండె దిటవు చేసుకో అని. మిల్లులో నాతో పనిచేసే ఫోర్‌మాన్ ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చి, సాయంత్రం దాకా నా పక్కన ఊరికే కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎమామ ఇంజెరా పళ్లెం తెచ్చింది. నాకొద్దన్నాను. ఆమె ముక్క తుంపి, పప్పు అద్ది, చుట్టి నా నోటి దగ్గర పెట్టింది. దాన్ని గుర్షా అంటారు. ఇష్టమైనవాళ్లకి చేత్తో తినిపించడం. పెళ్లిళ్లలో, పండగల్లో చాలాసార్లు చూశాను. ఆ రోజు నాకు అది గోరుముద్ద. నోరు తెరిచాను. మూడు ముద్దలు పెట్టి చెయ్యి కడుక్కుంది.

ఆ తర్వాత కాఫీ. అబోల్ అందరికీ పోశారు. తోనా పోశారు. మూడోది ఎమామ నాకు పోసి, ఇంకో కప్పు నింపి నా పక్కన గడ్డి మీద ఖాళీగా ఉన్న చోట పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

* * *

పని పూర్తయి వచ్చేసేటప్పుడు ఎమామ జెబెనా ఇచ్చింది. కొత్తది కాదు, తను వాడుతున్నదే. "కొత్త మట్టికి రుచి రావడానికి ఏళ్లు పడుతుంది" అందట. బట్టల మధ్య చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బొంబాయి ఎయిర్‌పోర్టులో దాని మూతి అంచు కొంచెం చిట్లింది.

కొన్నేళ్లకి టీచరుగారి మెసేజ్‌తోనే ఎమామ పోయిన సంగతి తెలిసింది. పలకరించడానికి వెళ్లలేకపోయాను. ఫోన్లో ఆ ఒక్క మాటే అన్నాను, ఆడవాళ్లకి 'అయిజోష్' అనాలి. సరిగ్గానే అన్నాననుకుంటాను, అవతల ఏడుపు వినబడింది.

జెబెనా ఇన్నాళ్లూ షోకేసులో ఉంది. మాకూ అందరి ఇళ్లలాగే ఇన్‌స్టంట్ కాఫీ అలవాటైపోయింది. అమ్మ చేతిమిషను మా తమ్ముడి దగ్గర అటక మీద ఎక్కడో ఉంది. అరకులో ఆ సాయంత్రం ఆ పొగలో నిలబడ్డాక, ఆ మూకుడు పక్కనున్నామె దగ్గర రెండు కేజీల పచ్చిగింజలు కొన్నాను. "వేయించినవి తీసుకోండి బాబూ, పచ్చివి ఏం చేసుకుంటారు?" అని రెండుసార్లు అడిగింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్టుమెంటు మేడ మీద కుంపటి పెట్టాను. సాంబ్రాణి వేశాను. మనవరాలు చాటతో సిద్ధంగా కూర్చుంది. చిటపట మొదలవగానే "మాట్లాడకు" అన్నాను. అది నోటి మీద వేలేసుకుని వింది.

పొగ చూసి వాచ్‌మన్ భార్య కంగారుగా పైకొచ్చింది, ఏదో అంటుకుందని. కూర్చోమన్నాం. మొదట మొహమాటపడింది, గోడకి ఆనుకుని నిలబడే ఒక కప్పు తాగింది. రెండోదానికి చాప మీద కూర్చుంది. ఆమెది పాడేరు అవతల ఏదో గూడెం, పన్నెండేళ్లుగా మా కింద ఉంటున్నా నాకు ఆ సంగతి తెలీదు. వలిసె పూలు చూసొచ్చామని మనవరాలు ఫోన్లో ఫొటో చూపిస్తే చేత్తో స్క్రీన్ తడిమింది.

"మా అమ్మ వలిసెలు వేయించి పచ్చడి నూరేదండి. ఇక్కడెక్కడా దొరకవు" అంది. ఆ పచ్చడి ఎలా నూరాలో చెప్పడం మొదలెట్టింది. ఎండుమిర్చి ఎన్ని, చింతపండు ఎంత, రోట్లో ఏది ముందు ఏది వెనక. మా ఆవిడ పక్కనే కూర్చుని మళ్లీ మళ్లీ అడుగుతోంది.

నేను జెబెనాలో మూడోసారి నీళ్లు పోసి నిప్పుల మీద పెట్టాను.